చిలువ బాతు – మొగిపురుగు: వరిచేనికి వచ్చు రాత్రి అతిథులు

ఈ నెల పాఠమునకు మేము రెండు జీవులను ఏరుకొంటిమి. ఒకటి పక్షి, వేరొకటి పురుగు. మొదటిది అరకిలో బరువు తూగును. రెండవదానిని అరచేత నుంచుకొన్నను బరువు తెలియదు. రెండును రెక్కలు గలవే, రెండును రాత్రివేళ తిరుగునవే, రెండును వరిచేనికి వచ్చునవే. మొదటిది వచ్చినప్పుడు రైతు డప్పు చేతబట్టి గట్టుమీదికి పరుగెత్తును. రెండవది వచ్చినప్పుడు ఆయన నిద్రించుచుండును. వీనిలో ఏది ఎంత నష్టము చేయుచున్నదో లెక్కపెట్టి చూచినవారు తక్కువ. ఆ లెక్కను సభ్యుల ముందుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

తార్నాకలో ఒక సాయంకాలము

ఈ పోలిక మాకు పొలములో తోచలేదు, పట్టణములో తోచినది. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినది. దాని ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో ప్రారంభింపబడినది. గులాబివన్నె రాతితో కట్టిన ఆ భవనమును చూచుటకు నేటికిని దూరప్రాంతములనుండి జనులు వచ్చుచుందురు. ఆవరణమును ఆనుకొని తార్నాక యున్నది. తార్నాకనుండి ఉప్పలునకు పోవు మార్గమున భారతీయ రసాయన సాంకేతిక సంస్థ కలదు. దానిని 1944లో హైదరాబాదు ప్రభుత్వమువారు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనలకై కేంద్ర ప్రయోగశాలలను పేరిట స్థాపించిరి. 1956లో అది ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాల యైనది. 1989లో ఇప్పటి పేరు వచ్చినది. ఈ సంస్థకును మన వరిచేనికిని గల సంబంధమును ముందు చెప్పెదము.

ఒక సాయంకాలము మేము విశ్వవిద్యాలయపు రాజమార్గమున నడచి తార్నాకకు వచ్చుచుంటిమి. ప్రొద్దు క్రుంకినది, చెట్లమీద కాకుల గోల సద్దుమణగినది. అంతలో తలపైన సన్నని ఈలలు వినవచ్చినవి. "సీసిక్, సీసిక్" అని ఒకదానివెంట నొకటి ఈలవేయుచు, పది పదునైదు పక్షులు మసకవెలుతురులో ఎగిరిపోయినవి. అవి చిలువబాతులు. ఏదో చెరువున పగలెల్ల విశ్రమించి, రాత్రి మేతకు బయలుదేరినవి. వానిని చూచి తల దించునప్పటికి ఎదుట వీధిదీపము కనబడినది. దాని చుట్టును రెక్కలపురుగులు ముసరుకొని యుండెను. వరిపొలము లేనిచోట మొగిపురుగును వెదకుట వృథా; అవి వేరు జాతులవి. అయినను దీపమునకు మూగు గుణము వానికిని మన చేని పురుగునకును ఒక్కటే. పైన నొక రెక్కలజాతి, క్రింద నొక రెక్కలజాతి. పైదాని ఈలవిని దారినపోవువారు తలలెత్తి చూచిరి. క్రిందిదానిని ఎవరును చూడలేదు. మన పల్లెలలో జరుగుచున్నదియు ఇదియే కదా యని మాకు తోచినది.

ఎవరెవరు?

చిలువబాతును మనవారు ఎర్రచిలువ యనియు పిలుతురు. శాస్త్రజ్ఞులు దీనికి డెండ్రోసిగ్నా జావానికా అని పేరిడిరి. ఒడలు గోధుమవన్నె, రెక్కలక్రింద నలుపు, తోకపై ఎరుపు. ఆడు మగలకు రూపభేదము లేదు. పొడవు మూరెడుకంటె కొంచెము తక్కువ. శీతకాలమున ఉత్తరదేశములనుండి వచ్చి పోవు బాతులు పెక్కు గలవు. చిలువ అట్టిది కాదు. ఇది మన చెరువులలో పుట్టి, మన చెరువులలోనే పెరుగు పక్షి. హైదరాబాదు రాజ్యములోని పక్షులను 1931-32 సంవత్సరములలో సలీం అలీగారు ఊరూర తిరిగి పరిశీలించిరి. నాటినుండి నేటివరకు చెరువులు పెక్కు పూడిపోయినను చిలువ మనలను విడిచిపోలేదు.

రెండవదానిని వరి కాండము తొలుచు పురుగు అనియు, మొగిపురుగు అనియు అందురు. దీని శాస్త్రనామము స్కిర్పోఫాగా ఇన్సర్టులాస్. మనము సాధారణముగ పురుగని పిలుచునది దీని పిల్లదశ. పెద్దదైనపిదప ఇది రెక్కలపురుగు. ఆడుదాని ముందురెక్కలు పసుపువన్నెగలవి. ఒక్కొక్క రెక్కమీద ఒక్కొక్క నల్లచుక్క యుండును. మగది చిన్నది, లేతగోధుమవన్నెది. దానికి అంత స్పష్టమైన చుక్క యుండదు. ఈ చుక్కను గుర్తుంచుకొనుడు. పొలమున పసుపురెక్కపై నల్లచుక్క కనబడినదన్న, గ్రుడ్లు పెట్టునది వచ్చినదని అర్థము.

దేహములలో భేదము

పక్షి రెక్క యనగా దాని ముందుకాలే. మన చేతిలో నున్నట్లే అందులోను భుజపుటెముక, ముంజేతి ఎముకలు, వ్రేళ్ల ఎముకలు కలవు. వానిమీద ఈకలు మొలచినవి. కావున పక్షికి రెండు కాళ్లు, రెండు రెక్కలు, మొత్తము నాలుగవయవములు. పురుగు రెక్క కాలునుండి ఏర్పడినది కాదు. అది ఒంటిమీది గట్టిపొర పలుచనై సాగినది. ఎముక యనునదే అందులో లేదు. రెక్కలపురుగునకు ఆరుకాళ్లు, నాలుగు రెక్కలు. పట్టిన మన వ్రేళ్లకంటు పొడి దాని రెక్కలమీది సన్నని పొలుసులు. ఎగురుట యను పని ఒక్కటే యైనను, ప్రకృతి ఆ పనికి రెండు వేరుమార్గములు త్రొక్కినది.

బాతు ఊపిరితిత్తులతో గాలి పీల్చును. ఆ గాలిని రక్తము ఒడలెల్ల పంచిపెట్టును. పురుగునకు ఊపిరితిత్తులు లేవు. దాని ప్రక్కలందు చిన్నచిన్న రంధ్రములు కలవు. వానినుండి బయలుదేరు సన్నని గొట్టములే గాలిని దేహమంతటికిని చేర్చును. బాతు ఒడలు ఎల్లప్పుడును వెచ్చగానుండును. కావున అది దినదినము మేయక తప్పదు. రెక్కలపురుగు సంగతి విచిత్రమైనది. మొగిపురుగు రెక్కలు వచ్చినపిదప ఏమియు తినదు. పిల్లదశలో వరికాండములో తిని కూడబెట్టుకొన్న బలముతోనే కొలది దినములు బ్రతికి, జతకూడి, గ్రుడ్లు పెట్టి చచ్చును. కాబట్టి దీపమువద్ద ఎగురుచున్నది మన పంటను తినునది కాదు, తినబోవువారికి తల్లి.

పుట్టుకలో భేదము

చిలువ చెట్టుతొఱ్ఱలోనో, కాకి, కొంగవంటి పక్షులు విడిచిన పాతగూటిలోనో, నీటియొడ్డున దట్టమైన రెల్లులోనో గ్రుడ్లు పెట్టును. ఒక్క ఈతకు 7 మొదలు 12 గ్రుడ్లు. తల్లియు తండ్రియు వంతులువేసికొని మూడు నాలుగు వారములు పొదుగును. పిల్లలు గ్రుడ్డునుండి బయటబడినది మొదలు బాతుపిల్లలే. చిన్నవియే గాని రూపమున బాతులే. తలిదండ్రులు వానిని వెంటబెట్టుకొని నీట త్రిప్పుచు కాపాడును.

మొగిపురుగు వరియాకు కొనదగ్గర గ్రుడ్లు ముద్దగా పెట్టి, తన తోకచివరనున్న పసుపువన్నె నూగుతో కప్పును. చూచుటకు ఆకుమీద చిన్న బూజుముక్క అంటుకొన్నట్లుండును. ఒక్కొక్క ముద్దలో సుమారు 50 మొదలు 80 వరకు గ్రుడ్లుండును. కొన్ని రాత్రులలో ఒక ఆడుది వందకు పైగా గ్రుడ్లు పెట్టును; ఆ పిమ్మట వానివంక తిరిగి చూడదు. చిలువ డజనుకన్న తక్కువ పిల్లలను కని కాపాడుచున్నది. ఈ పురుగు వందపిల్లలను కని గాలికి వదలుచున్నది. సంతతిని నిలుపుకొనుటకు ఒకటి కాపుదలను నమ్ముకొన్నది, వేరొకటి లెక్కను నమ్ముకొన్నది. రైతు ఎదుర్కొనవలసినదియు ఆ లెక్కనే.

గ్రుడ్లు 5 మొదలు 8 దినములలో పగులును. నల్లతల గల సన్నని పిల్లపురుగులు దారమువంటి పోగుతో వ్రేలాడి, గాలివాటున ప్రక్కదుబ్బులకు చేరును. కొన్ని ఆకుముక్కను గొట్టముగ చుట్టుకొని నీటిమీద తేలుచు పోవును. పిదప ఆకుతొడిమలోనుండి కాండములోనికి తొలుచుకొనిపోవును. ఒక్కొక్క పిలకలో సామాన్యముగ ఒక్కటే యుండును. నెలకు పైగా లోపలనే తిని పెరిగి, అక్కడనే గూడుకట్టి, 6 మొదలు 10 దినములలో రెక్కలపురుగై బయటికి వచ్చును. గ్రుడ్డు, పిల్లపురుగు, గూడు, రెక్కలపురుగు అను ఈ నాలుగవస్థలలో ఒకదానికొకటి పోలిక లేదు. అందుచేతనే మనరైతులలో పెక్కండ్రు ఆకుమీది బూజుముక్కయు, కాండములోని తెల్లపురుగును, దీపముక్రింద రాలిన పసుపురెక్కయు ఒకే జీవియని ఎరుగరు. శత్రువు నాలుగు వేషములు వేయును. ఒక్కవేషమును మాత్రమే గుర్తెరిగినవాడు మూడుసార్లు మోసపోవును.

నష్టపు లెక్క

చిలువ నీటిమొక్కలను, గింజలను, నత్తలను, చిన్నచేపలను, పురుగులను తినును. వెదజల్లిన గింజలను ఏరుకొనుటయు, లేతపైరును త్రొక్కుటయు, పండిన వెన్నులనుండి గింజలు దూయుటయు కలదు. చెరువుక్రింది మొదటి మళ్లవారికి ఈ బాధ యున్నదని ఒప్పుకొందము. మొగిపురుగు వరిని తప్ప వేరుపైరును ఆశ్రయించునది కాదు. పిలకవేయు దశలో అది కాండమును తొలిచినయెడల నడిమి మొవ్వు ఎండును. పొట్టదశలోను, ఈనిక సమయమునను తొలిచినయెడల వెన్ను తెల్లబడి, తాలుగింజలతో నిలువుగ నిలుచును. దానినే తెల్లకంకి యందురు. మొవ్వు చచ్చినప్పుడు వరిదుబ్బు క్రొత్త పిలకలు వేసి కొంత పూడ్చుకొనగలదు. తెల్లకంకి పడినపిదప పూడ్చుకొనుటకు పైరునకు కాలము లేదు.

ఇప్పుడు లెక్క. ఇవి పాఠమునకై మేము ఉజ్జాయింపుగ వేసిన అంకెలు. సభ్యులు తమ పొలపు అంకెలు వేసి మార్చుకొనవచ్చును. ఇరువది చిలువల గుంపు ఒక ఎకరములో దిగుచున్నదనుకొందము. తన బరువులో పదియవవంతు, అనగా 50 గ్రాములు, ఒక్కొక్కటి రాత్రికి గింజయే తినుచున్నదనుకొందము. రాత్రికి 1 కిలో. వరుసగా 30 రాత్రులు వచ్చినను 30 కిలోలు. నిజమునకు అది తినునదంతయు మన గింజయే కాదు, ప్రతిరాత్రియు ఒకే చేనికి రాదు. గుంపు పెద్దదైన నష్టమును పెద్దదగును. కాని అది తెల్లవారునప్పటికి కంటికి కనబడును.

ఇక మొగిపురుగు. వరుసలకు 20 సెంటిమీటర్లు, దుబ్బులకు 15 సెంటిమీటర్లు ఎడముంచి నాటిన చదరపు మీటరునకు 33 దుబ్బులుండును. దుబ్బునకు 10 వెన్నులు వేసికొన్న 330 వెన్నులు. ఆ మీటరులో ఒక్క గ్రుడ్లముద్ద యున్నదనియు, అందలి 50 పిల్లలలో 40 నశించి, 10 మాత్రమే కాండములు చేరినవనియు అనుకొందము. 330 వెన్నులలో 10 తెల్లబడును. అనగా నూటికి 3. ఎకరమునకు 25 క్వింటాళ్లు పండు చేనిలో ఇది 75 కిలోలు. మీటరునకు రెండు ముద్దలున్న 150 కిలోలు. ఈ నష్టమునకు చప్పుడు లేదు, అడుగుజాడ లేదు. తెల్లకంకి కనబడిన దినమున దాని కారణము రెండు మూడు వారములకు ముందే జరిగిపోయియుండును.

మేమెరిగిన రైతు ఒకరు ఒక యాసంగిలో చెరువుక్రింది మడిలో మంచెవేసికొని, టిన్నుడబ్బా మ్రోగించుచు, రాత్రులెల్ల చిలువలను తోలిరి. ఆయన శ్రమ వ్యర్థము కాలేదు, పక్షులు దిగలేదు. కాని కాపలాకై తాను వెలిగించిన దీపముచుట్టు పసుపురెక్కలు మూగుచున్న సంగతి ఆయన లెక్కచేయలేదు. పైరు ఈనినపిదప మడినిండ తెల్లకంకులు నిలిచినవి. "గట్టుమీద కూర్చుండియే దొంగను లోనికి పోనిచ్చితిని" అని ఆయన మాతో ననిరి. ఆయన కావలికాచిన రాత్రులలోనే ఆ దొంగ వచ్చెను. ఆయన దీపమే దానిని చూపుచుండెను. ఆ దీపముక్రింద నొక పళ్లెరము నీరుంచి, ప్రొద్దుట లెక్కపెట్టినచాలు, సకాలమున తెలిసియుండెడిది.

పిలుపులో భేదము – తార్నాక మనకిచ్చు సాయము

చిలువలు చీకటిలో ఒకదానినొకటి విడిపోకుండ ఈలతో పిలుచుకొనును. మొగిపురుగునకు అట్టి గొంతు లేదు. అది వాసనతో పిలుచును. ఆడుది రాత్రివేళ తన దేహమునుండి అణుమాత్రము గంధమును విడుచును. మగది తన మీసములతో ఆ గంధమును పసిగట్టి, గాలికెదురుగ ఎగిరి ఆమెను చేరును. ఆ గంధము మన ముక్కునకు తెలియదు.

పురుగుల ఈ గంధమేదో మొట్టమొదట తేల్చినది 1959లో జర్మనీదేశపు రసాయనశాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ బ్యూటెనాంట్. ఆయన పరిశీలించినది పట్టుపురుగును. సుమారు 5 లక్షల ఆడు పట్టుచిలుకలనుండి కొలది మిల్లీగ్రాముల పదార్థము మాత్రమే చిక్కినది. మొగిపురుగు గంధమును 1985లో కనుగొనిరి. అందు ముఖ్యమైనవి రెండు పదార్థములు. 3 పాళ్లకు 1 పాలుగ కలిపినయెడల మగపురుగు ఆడుది పిలిచినదని భ్రమపడి వచ్చును. తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థవారు ఇట్టి గంధములను ప్రయోగశాలలో తయారుచేయు పనియు, పొలములలో వానిని వాడించు పనియు చేపట్టినవారిలో నొకరు. చిన్న రబ్బరుబిళ్లలో ఆ గంధమును పట్టించి, బుట్టలో వ్రేలాడదీయుదురు. వీనినే లింగాకర్షక బుట్టలందురు.

దీపపుటెరకును ఈ బుట్టకును భేదమెరుగవలెను. దీపమునకు ఆడువియు మగవియు, మనకు మేలుచేయు పురుగులును, అన్నియు వచ్చి పడును. బుట్టలో ఆ ఒక్కజాతి మగవి మాత్రమే పడును. ఇతర జీవులకు హాని లేదు. బుట్ట ముఖ్యముగ గడియారమువంటిది. పురుగు ఎప్పుడు వచ్చినదో, ఎంత వచ్చినదో చెప్పును.

బాతుచేత పురుగును పట్టింపవచ్చునా?

ఈ ప్రశ్న సహజముగ తోచును. జపానుదేశమున ఫుకువోకా ప్రాంతపు రైతు తకావో ఫురునోగారు 1988 మొదలు వరిచేలలో పెంపుడు బాతుపిల్లలను విడిచి సేద్యము చేసిరి. నాటిన కొలదిదినములకు పిల్లలను విడుతురు. అవి కలుపును, దోమను, ఇతర పురుగులను తినుచు, నీటిని కలచుచు, ఎరువును వేయును. వెన్నుతీయునప్పుడు బాతులను బయటికి తోలుదురు. లేనియెడల గింజనే తినును. మన కోస్తాజిల్లాలలో కోతలైన పొలములందు బాతులమందలను మేపుట పూర్వమునుండి యున్నదే.

అయినను కాండములోపల దాగిన పురుగు బాతుముక్కునకు అందదు. కాబట్టి మొగిపురుగునకు బాతే మందని ఎవరైన చెప్పిన నమ్మరాదు. కోసినపిదప పురుగు కొయ్యకాళ్ల మొదళ్లలో దాగి మరుపంటకై కాచియుండును. ఆ కొయ్యకాళ్లను వెంటనే దున్ని తిరుగవేసిన పురుగు బయటబడును. అప్పుడు కొంగలు, కాకులు మొదలగు పక్షులు మనకు కూలిలేని పాలేళ్లగును.

పురుగునకు వేసిన మందు పక్షికి తగులుట

వేరొక సంగతి మరువరాదు. మొగిపురుగునకై చేనిలో చల్లు గుళికలలో కొన్ని పక్షులకు ప్రాణాంతకములు. కార్బోఫ్యూరాన్ గుళికలవలన పక్షులు విస్తారముగ చచ్చుటచే అమెరికాలో 1990 తరువాతి సంవత్సరములలో వాని వాడుకను చాలవరకు నిలిపివేసిరి. గింజయనుకొని గుళికను ముక్కుననుంచిన పక్షి బ్రతుకదు. ఆ మడినీరు దిగువనున్న పెంపుడుబాతులకు, చేపలకు చేరును. పురుగు వచ్చినదో లేదో చూడక, పొరుగువాడు చల్లినాడని చల్లుటవలన డబ్బుపోవుటయే గాక, మనకు తోడైన సాలీడులును, అక్షింతపురుగులును, గ్రుడ్లపై బ్రతుకు సన్నని పరాన్నజీవులును నశించును. చిలువను పట్టుట, చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత నిషిద్ధము. తోలుకొనుటకు మాత్రము రైతునకు అడ్డులేదు.

చేయవలసిన పనులు

1. నారు పీకి నాటుటకు ముందు ఆకుకొనలను త్రుంచి వేయవలెను. గ్రుడ్లముద్దలు అక్కడనే యుండును. ఖర్చులేని పని యిది.

2. త్రుంచిన కొనలను, ఏరిన గ్రుడ్లముద్దలను సన్నని సందులుగల వెదురుబుట్టలో నుంచి చేనిగట్టున పెట్టుట మేలు. గ్రుడ్లనుండి ట్రైకోగ్రామా మొదలగు పరాన్నజీవులు వెలువడి పైరునకు ఎగిరిపోవును. బుట్టను నీటిపళ్లెరములో నుంచిన పిల్లపురుగులు బయటికి పాకజాలవు.

3. ఎకరమునకు 3 లింగాకర్షక బుట్టలను పైరుకంటె అడుగు ఎత్తున నిలుపవలెను. వారమునకు బుట్టకు 25 మొదలు 30 మగపురుగులు పడినప్పుడు నివారణకు పూనుకొనవలెను. మూకుమ్మడిగ పట్టుటకైన ఎకరమునకు 8 బుట్టలు కావలెను. ఎరబిళ్లను గడువుప్రకారము మార్చకున్న బుట్ట వట్టిబుట్టయే.

4. వారమునకొకసారి చేనిలో అడ్డముగ నడచి చూడవలెను. చదరపు మీటరునకు ఒక ఆడుపురుగుగాని ఒక గ్రుడ్లముద్దగాని యున్నను, నూటికి 5 మొవ్వులు చచ్చినను ఉపేక్షింపరాదు. ఎండినమొవ్వును లాగినయెడల సులభముగ ఊడివచ్చి, మొదట కొరికినగుర్తు కనబడిన అది మొగిపురుగు పనియే. ఎలుక కొరికినచో పిలక ఏటవాలుగ తెగియుండును.

5. మందు వేయక తప్పనప్పుడు దాని పేరును, మోతాదును వ్యవసాయాధికారి నడిగి వేయవలెను. ఆ మడికి కొన్నిదినములు బాతులను తోలరాదు; నీటిని కాలువలోనికి వదలరాదు.

6. ముదురునారు నాటుటయు, ఆలస్యముగ నాటుటయు ఈ పురుగునకు ఆహ్వానము. ఒక ఆయకట్టులో అందరును కొలది దినముల ఎడముతో నాటుట మంచిది.

సంఘమునకు ఒక మాట

చిలువను ఒకడు తోలిన అది ప్రక్కమడికి పోవును. మొగిపురుగును ఒకడు పట్టిన ప్రక్కమడినుండి మరల వచ్చును. ఒక్కని చేనిలో బుట్టలు పెట్టి, నలుగురి చేలలో కొయ్యకాళ్లు విడిచిన, ఆ ఒక్కడు నలుగురి పురుగులను ఏరుచుండవలసినదే. రెక్కలు గలదానికి గట్టు అడ్డుకాదు. అందుచే ఈ పని ఆయకట్టు మొత్తమునకు సంఘము పూనుకొని చేయదగినది. ఎరబిళ్లలను ఒక్కమారు కొనవచ్చును. ఒక్కొక్కవారము ఒక్కొక్క సభ్యుడు బుట్టలలోని పురుగులను లెక్కించి, సంఘపు గోడపై పలకమీద వ్రాయవచ్చును. ఆ అంకెను చూచినవారికి, ఎప్పుడు మేల్కొనవలెనో, ఎప్పుడు నిశ్చింతగ నుండవచ్చునో తెలియును.

ఆలోచింపదగిన ప్రశ్నలు

సభ్యులు తమ తదుపరి సమావేశమున వీనికి తమ పొలములనుండియే సమాధానము చెప్పుకొందురుగాక.

మీ చేనిలో క్రిందటి పంటకు వెన్నులు నూటింటిలో ఎన్ని తెల్లబడినవి? ఎప్పుడైన లెక్కించితిరా?

పసుపురెక్కపై నల్లచుక్కను మీ ఇంటి పిల్లలు గుర్తింపగలరా? గ్రుడ్లముద్దను గుర్తింపగలరా?

క్రిందటిసారి మీరు గుళికలు చల్లినది పురుగును చూచియా, పొరుగువానిని చూచియా?

తార్నాక వీధిలో మేము తలయెత్తి విన్న ఈల వినసొంపుగనే యుండెను. ఈ రాత్రి మీ చెరువుమీదను అట్టి ఈల వినబడవచ్చును. విని డప్పు తీసికొనుడు, తప్పులేదు. కాని గట్టుమీద దీపము పెట్టినపుడు దానిక్రింద ఒక పళ్లెరములో నీరుంచుడు. తెల్లవారి ఆ నీటిలో తేలిన పసుపురెక్కలను లెక్కపెట్టిన తరువాతనే ఆ రాత్రి కావలి ముగిసినదని తలపుడు.